పాము భయం

వానాకాలం పనులు ఊపందుకున్నాయంటే కృష్ణా డెల్టా ఆసుపత్రులకు ఒక రకం రోగులు వరసగా వస్తుంటారు. నాట్లు వేస్తూనో, కలుపు తీస్తూనో, రాత్రిపూట మడికి నీళ్లు మళ్లించడానికి గట్టు మీద నడుస్తూనో పాము కాటు పడినవాళ్లు. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక వైపు ఇలాంటి కబురు వినని ఇల్లు ఉండదు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు బాగా పెరిగితే జనం ఎంత బెంబేలెత్తిపోయారంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం జరిగింది.

రోజువారీ జీవితంలో భయం గురించి మాట్లాడమని అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ పాము భయమే. డెల్టాలో వైద్యవృత్తిలో ఉన్న రోజుల్లో నేను మరీ దగ్గరగా చూసిన భయం ఇది. ఇంకో కారణం కూడా ఉంది. మనిషికి భయం ఎలా పుడుతుంది, ఎలా ముదురుతుంది, ఎలా తగ్గుతుంది అని పరిశోధించిన శాస్త్రవేత్తల్లో చాలామంది ఎంచుకున్నది కూడా పామునే. కాబట్టి ఈ ఒక్క భయాన్ని నిదానంగా చూస్తే, మిగతా భయాల స్వభావమూ చాలావరకు బోధపడుతుంది.

భయం అనగానే మన పెద్దలు తాడునీ పామునీ గుర్తుచేస్తారు. మసక చీకట్లో తాడును చూసి పామనుకుని హడలిపోయాడు, దీపం తెచ్చి చూస్తే అది తాడే. వేదాంతంలో అది గొప్ప ఉపమానం. కానీ పొలానికి వెళ్లే మనిషి కష్టం వేరు. అతను దీపం తెచ్చి చూసినా ఒక్కోసారి అక్కడ ఉండేది పామే. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో పాముకాటుతో దాదాపు 12 లక్షలమంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. అంటే సగటున ఏడాదికి 58 వేలమంది. ఈ చావుల్లో ఎక్కువ భాగం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. వాటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందుకని పొలం మనిషితో "భయం వట్టి భ్రమ, వదిలెయ్" అనడం నాకు చేతకాదు. అలా అంటే అతని కష్టాన్ని తేలిక చేసినట్టే. భయపడాల్సినచోట భయపడాలి. ఎంత భయపడాలి, దేనికి భయపడాలి, భయపడి ఏం చేయాలి అన్నవే అసలు ప్రశ్నలు.

ఒక రాత్రి సంగతి చెబుతాను.

పది దాటింది. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఒక రైతును తీసుకొచ్చారు. పిక్క మీద తువ్వాలు బిగించి కట్టారు, దానిపైన మళ్లీ ఒక తాడు. పాదం ఉబ్బి నీలంగా తిరిగింది. ఒళ్లంతా చెమట. ఊపిరి గబగబా తీస్తున్నాడు. చేతివేళ్లు కొంకర్లు పోతున్నాయి. పెదాలు తిమ్మిరెక్కాయి, నోట మాట రావడం లేదు అంటున్నాడు. వెనకాలే ఆటోలో వచ్చిన భార్య గుమ్మంలోనే కూలబడిపోయింది. "పురుగు ముట్టిందండీ, మా ఆయన్ని బతికించండి, మీకు పుణ్యముంటుంది" అని ఒకటే ఏడుపు. ఏ పామో ఎవరూ చూడలేదు. చీకట్లో సర్రున జారిపోయిందట.

ఆ మనిషిని చూసినవాళ్లెవరైనా విషం ఒళ్లంతా పాకేసిందనే అంటారు. కానీ చెమట, ఆయాసం, తిమ్మిర్లు, కొంకర్లు, ఇవన్నీ చుక్క విషం లేకుండానే భయం తెచ్చిపెట్టగలదు. బెదిరిపోయి గబగబా ఊపిరి పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానివల్ల పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చేతులు బిగుసుకుంటాయి, తల తిరుగుతుంది. ఇక పాదం నీలంగా మారింది ఆ బిగించిన కట్టు వల్ల కావచ్చు. మరి ఇందులో విషం చేసింది ఎంత, భయం చేసింది ఎంత? అది తేల్చుకోవడానికి చిన్న ఆసుపత్రిలోనైనా ఒక సులువైన పరీక్ష ఉంది. నరం నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత గొట్టాన్ని వంచి చూడాలి. రక్తం గడ్డకట్టి ఉంటే ఒక ధైర్యం. నీళ్లలా జారిందంటే రక్తపింజరి జాతి విషం ఎక్కినట్టే, వెంటనే విరుగుడు మందు పెట్టాలి.

ఆ 20 నిమిషాలు మామూలు 20 నిమిషాలు కావు. గోడ గడియారం వంక అందరం చూస్తూ కూర్చోవడం తప్ప మరో పని లేనట్టుంటుంది. కానీ పని ఉంది. అతన్ని పైకప్పు వైపు కాసేపు చూడమన్నాను. నాలుక చాపమన్నాను. ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలవో పెట్టమన్నాను. ప్రతిదీ ఎందుకు చేయిస్తున్నానో అతనికే చెప్పాను. "తాచుపాము, కట్లపాము విషమైతే రెప్పలు వాలిపోతాయి. నీ రెప్పలు నిలబడే ఉన్నాయి. మింగుడు పడదు. నువ్వు మింగగలుగుతున్నావు. లెక్క ముప్పై దాటింది, అంటే ఊపిరితిత్తులు బాగానే ఆడుతున్నాయి" అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను. ఇంజెక్షన్లు పక్కన సిద్ధంగా పెట్టుకున్నాకే కాలి కట్టు మెల్లమెల్లగా వదులు చేశాం. అలాంటి కట్టు ఒక్కసారిగా విప్పితే, కింద ఆగిన విషం ఒక్కుమ్మడిగా పైకి ఎక్కే ప్రమాదం ఉంటుంది. "మరైతే బతుకుతానంటారా?" అని అడిగాడు. "ఇప్పటిదాకా చూసినదంతా మంచి కబురే. ఇంకా చూడాల్సింది గొట్టంలో ఉంది" అన్నాను. గొట్టం ఇంకా వంచనేలేదు, అతని ఊపిరి నెమ్మదించింది. వేళ్లు వాటంతట అవే విడ్డాయి.

రక్తం గడ్డకట్టింది. అయినా మర్నాటి దాకా మంచం మీదే ఉంచి, మళ్లీ మళ్లీ పరీక్ష చేసి పంపించాం.

ఆ రాత్రి అతనికి నేను "ధైర్యంగా ఉండు" అన్న మాట అనలేదు. భయంతో వణుకుతున్నవాడికి ఆ మాట ఎందుకూ పనికిరాదు. పైపెచ్చు ధైర్యం లేకపోవడం కూడా తన తప్పేనన్న బాధ ఒకటి అదనంగా మీదపడుతుంది. ఒంట్లో ఏం జరుగుతోందో, ఏది చూస్తున్నామో, ఏది చూడాల్సి ఉందో చెబుతూ పోతే భయానికి ఒక హద్దు ఏర్పడుతుంది. హద్దు తెలియని భయమే మనిషిని మింగేస్తుంది.

ఇప్పుడు మంత్రం సంగతి. పాము కరవగానే మంత్రగాడి దగ్గరికి పరుగెత్తే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. దాన్ని వట్టి అజ్ఞానమని కొట్టిపారేయను. ఆ నమ్మకానికి ఒక కారణం ఉంది. మనల్ని కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషమున్న పాము కరిచినా ప్రతిసారీ విషం వదలదు, ఒక్కోసారి వట్టి గాటు పెట్టి వదిలేస్తుంది. అలాంటి మనిషి మంత్రగాడి దగ్గరికి వెళ్లాడనుకోండి. వేపమండలు, విబూది, నెమ్మదిగా సాగే మంత్రం, నేనున్నానని ధీమాగా చెప్పే ఒక గొంతు. వీటితో భయం దిగిపోతుంది. చెమట ఆరుతుంది, కొంకర్లు పోతాయి. విషం దిగిందని ఊరంతా చెప్పుకుంటారు. దిగింది భయం. అది చిన్న విషయమేమీ కాదు. కానీ నిజంగా విషం ఎక్కినవాడు అదే గడపలో రెండు గంటలు కూర్చుంటే ఆ రెండు గంటలే ప్రాణం తీస్తాయి. భయానికీ ప్రమాదానికీ తేడా తెలియకపోతే జరిగే అనర్థం ఇదీ. నా కోపమంతా ఆ గంటల మీదే.

ఇంతకీ ఈ భయం మనకు పుట్టుకతో వస్తుందా? అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సుసాన్ మినేకా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో కోతులతో చేసిన ప్రయోగాలు నన్ను ఎప్పటికీ ఆలోచింపజేస్తాయి. అడవిలో పుట్టిపెరిగిన కోతులు పామును చూస్తే బెదిరిపోతాయి. ప్రయోగశాలలోనే పుట్టి, పాము మొహం ఎరగని కోతులకు మాత్రం ఆ భయం లేదు. పాము ముందున్నా చెయ్యి చాచి తిండి తీసుకున్నాయి. అయితే పామును చూసి హడలిపోతున్న పెద్ద కోతిని కాసేపు చూసేసరికి, వీటికీ అదే భయం అంటుకుంది. పాము వీటిని ముట్టుకోనైనా లేదు. చూసి నేర్చుకున్నాయి, అంతే.

ఆ పరిశోధనలోనే ఇంకో అంశం ఉంది. తల్లిదండ్రులందరూ వినాల్సింది అదే. కొన్ని కోతులకు ముందుగా, పాము పక్కన నిబ్బరంగా కూర్చున్న కోతిని చూపించారు. ఆ తర్వాతే బెదిరిపోయే కోతిని చూపించారు. ముందు నిబ్బరాన్ని చూసిన కోతుల్లో చాలావాటికి, తర్వాత ఎంత బెదురు చూసినా ఆ భయం అంటుకోలేదు.

మన ఇళ్లలో ఏం చేస్తున్నాం? అన్నం తినకపోతే బూచాడు పట్టుకుపోతాడంటాం. పడుకోకపోతే పోలీసు వస్తాడంటాం. సూది వేసేస్తారని చెప్పి ఆసుపత్రి గడప తొక్కకముందే బిడ్డకు పిరికిమందు పోస్తాం. బల్లి మీద పడితే ఇల్లంతా ఎగిరి గంతులేస్తాం. పిల్లలు మన మాట విన్నా వినకపోయినా, మన మొహం మాత్రం చూస్తూనే ఉంటారు. పెరట్లో పాము కనిపించినప్పుడు తల్లి పిల్లాడి చెయ్యి పట్టుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, "అదిగో చూడు, అది పోయేదాకా ఇక్కడే నిలబడదాం" అని నెమ్మదిగా చెప్పిందనుకోండి. ఆ పిల్లాడు జాగ్రత్త నేర్చుకుంటాడు. అదే తల్లి కెవ్వుమంటే హడలు నేర్చుకుంటాడు. పామూ అదే, పెరడూ అదే.

అంతమాత్రాన పెద్దవాళ్లు ఉలిక్కిపడటం తప్పని కాదు. కాళ్ల ముందు ఏదో మెదిలితే, అది తాడో పామో తెలిసేలోపే మన కాలు వెనక్కి వచ్చేస్తుంది. మెదడు లోతుల్లో అమిగ్డలా అనే భాగం ఉంది, బాదంగింజంత. కళ్లు పంపిన కబురు దానికి రెండు దారుల్లో చేరుతుందని న్యూయార్క్ శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ చెప్పారు. దగ్గరి దారిలో వచ్చే కబురు మోటుగా ఉంటుంది, కానీ చప్పున చేరుతుంది. చుట్టుదారిలో వచ్చేది వివరంగా ఉంటుంది, అయితే కాస్త వెనకబడుతుంది. మొదటి కబురుకే గుండె దడదడలాడుతుంది, ఒళ్లు జలదరిస్తుంది. ఆ క్షణాన్ని ఆపాలని చూడకండి, అది మన చేతుల్లో లేదు. ఆ తర్వాతి క్షణం మనది. రెండో కబురు వచ్చేదాకా ఆగి, చూసి, అప్పుడు అడుగు వేయాలి.

ఇప్పటికే భయం గూడు కట్టుకున్నవాళ్ల మాటేమిటి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా 1960లలో సరిగ్గా ఇలాంటివాళ్లతోనే పనిచేశారు. పాము భయంతో తోటపని మానేసినవాళ్లు, చెట్టూచేమల మధ్యకు వెళ్లడం మానేసినవాళ్లు ఆయన దగ్గరికి వచ్చారు. వాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. విషంలేని పామును ఒకరు మామూలుగా పట్టుకోవడం ముందు దూరం నుంచి చూపించారు. తర్వాత కాస్త దగ్గరికి. ఆ తర్వాత తోడు నిలబడి, చేతికి తొడుగు వేసి ఒకసారి తాకించారు. పిమ్మట తొడుగు లేకుండా. ఒక మెట్టు దగ్గర గుండెదడ తగ్గాకే పై మెట్టు. సినిమా చూపించి ఊరుకున్న పద్ధతి కంటే, ఊహల్లో తలచుకొమ్మన్న పద్ధతి కంటే, ఇలా తోడుండి చేయించిన పద్ధతి బాగా పనిచేసిందని ఆయన తేల్చారు.

ఇందులో కీలకం తప్పించుకోకపోవడం. భయపడిన చోటికి వెళ్లడం మానేస్తే ఆ పూటకు ప్రాణం తేలికపడుతుంది. ఆ తేలికే మనల్ని మోసం చేస్తుంది. వెళ్లలేదు కాబట్టే బతికాననిపిస్తుంది. రేపు ఇంకాస్త దూరం నుంచే తప్పుకుంటాం. మొదట పొలం గట్టు, ఆపైన పెరడు, ఆపైన చీకటి పడ్డాక వాకిలి. వెళ్లి చూసి, ఏమీ కాలేదని ఒంటికి తెలిసే అవకాశమే ఉండదు. ఒంటికి తెలియాలి, బుద్ధికి తెలిస్తే చాలదు. బండూరాని ఇంకా ఆశ్చర్యపరిచింది ఒకటుంది. పాము భయం వదిలించుకున్నవాళ్లు కొన్నాళ్లకు వచ్చి, పామును చూస్తే భయం లేదు సరే, మిగతా పనుల్లోనూ ముందుకు వెళ్లగలుగుతున్నామని చెప్పారు. ఒక భయం మీద సొంతంగా గెలిచిన మనిషికి తన మీద తనకు నమ్మకం పెరుగుతుందని ఆయన తర్వాత రాసిన సిద్ధాంతానికి అదొక మూలం.

మనకున్న తక్కిన భయాలకూ ఇదే వర్తిస్తుంది. ఒకసారి పడిపోయి స్కూటీ మూలన పెట్టేసిన అమ్మాయి ఉంటుంది. ఏం బయటపడుతుందోనని షుగరు పరీక్షే చేయించుకోని నడివయసు మనిషి ఉంటాడు. సభలో నాలుగు మాటలు మాట్లాడమంటే వారం ముందునుంచి నిద్రపట్టనివాళ్లు, బ్యాంకుకు వెళ్లి ఫారం నింపాలంటే కొడుకు సెలవుకు వచ్చేదాకా ఆగే తల్లులు ఉంటారు. వీళ్లకు కావాల్సింది హితబోధ కాదు, మొదటి మెట్టు దగ్గర పక్కన నిలబడే ఒక మనిషి. ఆ అమ్మాయి ముందు బండిని వీధిలో నడిపించుకుంటూ వెళితే చాలు, ఎక్కడం రేపటి మాట. ఇక భయం వల్ల నిద్ర, తిండి, పని అన్నీ చెడిపోయే స్థితి వస్తే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

పాము దగ్గరికే మళ్లీ వద్దాం. దానికి దగ్గరగా వెళ్లమంటే పట్టుకోమని కాదు, తెలుసుకోమని. మన ప్రాంతంలో ప్రాణాలమీదికి తెచ్చేవి ముఖ్యంగా నాలుగే. తాచుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మనకు దొరికే విరుగుడు మందు ఈ నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి ఆ మందు తీస్తారు. పిల్లలకైనా పెద్దలకైనా మోతాదు ఒకటే, ఎందుకంటే పాము మనిషిని బట్టి విషం తగ్గించి పెట్టదు. చేలల్లో ఎక్కువగా కనిపించే జెర్రిపోతు, కాలవల్లో ఈదే నీరుకట్టె, వీటికి విషం లేదు. జెర్రిపోతు ఎలుకల్ని తిని మన ధాన్యం కాపాడుతుంది. దాన్ని తాచు అనుకుని కర్రలతో కొట్టి చంపుతాం. భయం చేసే పనుల్లో నాకు బాధ కలిగించేది ఇదొకటి. ఎలుకలు పెరిగితే వాటికోసం తాచులే ఇళ్ల దగ్గరికి వస్తాయి. పాము పగబట్టి వెతుక్కుంటూ వస్తుందన్నది కూడా నిజం కాదు. మనిషిని గుర్తుపెట్టుకుని వెంటాడే బుద్ధి పాముకు లేదు.

ఇక కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది రాత్రిళ్లు తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటూ లేస్తారు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి. ఏదో తిన్నది పడలేదనుకుంటూ ఇంట్లోనే ఉండిపోతారు. ఇంత భయంకరమైన పాముకు విరుగుడు ఏమిటో తెలుసా? దోమతెర. అంచులు పరుపు కిందికో చాప కిందికో దోపి పడుకుంటే చాలు. మంచం ఉంటే ఇంకా మంచిది. రాత్రి బయటికి వెళితే చేతిలో టార్చిలైటు, కాళ్లకు చెప్పులో బూట్లో.

ఎవరికైనా పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టకండి. కోయకండి, నోటితో పీల్చకండి. పామును పట్టుకోవడానికి వెంటపడకండి, మరొకరికి కాటు పడుతుంది. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కాలి పట్టీలు వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలినో చేతినో కదలకుండా, విరిగిన ఎముకకు ఆసరా పెట్టినట్టు ఒక బద్దను ఆనించి కట్టండి. మనిషిని నడిపించకండి, పరుగెత్తించకండి. పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా పక్కనే ఒకరు కూర్చుని, ఆసుపత్రిలో మందు ఉంది, అక్కడికే వెళ్తున్నామని మెల్లగా చెబుతూ ఉండండి.

ఒక్క పని మాత్రం అంతదాకా రాకుండానే, రేపే చేయండి. మీకు దగ్గరలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో పాముకాటు ఇంజెక్షన్ నిల్వ ఉందో, రాత్రిపూట అక్కడ డాక్టరు ఉంటారో లేదో వెళ్లి అడగండి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. ఆ ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు ఇంట్లో గోడమీదా, పొలం దగ్గరి మోటారు షెడ్డు మీదా పెద్ద అక్షరాలతో రాయించండి.